చెరుకు కొట్టేదాకా చెప్పని కబురు

నిజామాబాద్,
ఫిబ్రవరి 26.

గోపీచంద్ అన్నయ్యకు,

నమస్కారాలూ క్షేమసమాచారాలూ ఈసారికి మానుకుంటున్నాను. నువ్వు నా నంబరు బ్లాక్ చేశావు. శైలజ వదినకు చేస్తే "మీ అన్నయ్య పొలంలో ఉన్నారు" అంటుంది, వెనక నీ దగ్గు వినిపిస్తూనే ఉంటుంది. తపాలావాణ్ని బ్లాక్ చేసే బటన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కాబట్టి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. సంతకం పెట్టి తీసుకోక తప్పదు.

జరిగింది నేనే చెప్తాను. కాదంటే కాదని రాయి.

డిసెంబరులో నీ తోటలో, చెరుకు కొట్టేవాళ్ల గుడిసెల దగ్గర, మా ఇందూరు క్యాన్సర్ సేవా కూటమి ఆడవాళ్లకు పరీక్షలు చేసింది. స్థలం ఇచ్చింది నువ్వే, షామియానా వేయించింది నువ్వే, నీకు శాలువా కప్పింది మేమే. నాందేడ్ జిల్లా నుంచి వచ్చిన భీమవ్వకు గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండు కనిపించింది. ముక్క తీసి నిజామాబాద్ పంపాం. జనవరి మొదట్లో రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. కానీ చిన్నది, ఎటూ పాకలేదు. వెంటనే ఆపరేషన్ చేస్తే పూర్తిగా పోతుందని డాక్టరు రాశారు.

మా నర్సు అంకిత ఆ రోజే ఫోన్ చేసింది. భీమవ్వ పేరు పక్కన ఉన్నది నీ నంబరు. నువ్వు ఎత్తి "నాకు తెలిసిన మనిషే, నేను చెప్తాలేమ్మా" అన్నావట. ఆసామి మాట కదా అని ఆ పిల్ల నమ్మి ఊరుకుంది.

భీమవ్వ ఇప్పటిదాకా రాలేదు. నిన్న అంకిత మన ఊరికి వెళ్లి చూసుకుని వచ్చింది. "అక్కా, ఆడ గుడిసెలు లెవ్వు, చెరుకు లేదు. మోళ్లకు నీళ్లు పెడుతున్నరు. వాళ్లెటు పోయిన్రని అడిగితె మీ అన్న పంపుషెడ్డు దిక్కు పోయిండు, మళ్ల బయటికి రాలే" అని చెప్పింది.

నువ్వు ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉంటే వచ్చేది. పరీక్ష రోజు నా చెయ్యి పట్టుకుని "ఏమన్న ఉంటె దాయకుండ్రి అక్కా, నాకు చిన్న బిడ్డ ఉన్నది" అన్న మనిషి అన్నయ్యా ఆమె! ఎందుకు చెప్పలేదో ఊహించలేనంత అమాయకురాలిని కాను. అయినా నీ నోట వినాలి. దానికంటే ముందు ఆ కూలీల ముఠా ఎక్కడుందో రాయి.

ఉదయశ్రీ


కొత్తకాలువ క్యాంపు, బోధన్,
మార్చి 3.

ఉదయకు,

సంతకం పెట్టి తీసుకున్నాను. "ఏం కేసు సార్?" అని అడిగాడు పోస్ట్‌మన్. చదివితే కేసులాగే ఉంది. ముద్దాయిని నేను, జడ్జీవి నువ్వు, వకీలువీ నువ్వే.

మీ కూటమికి నేను బంట్రోతును కాను. నా నంబరు రాయమని మీ కాళ్లు పట్టుకోలేదు. తాతయ్య గుంటూరు జిల్లా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద భూమి కొన్న నాటి నుంచీ ఇక్కడ కూలివాళ్ల పని ఏదైనా ఆసామి పేరు మీదే నడుస్తోంది. బడి, బియ్యం, పోలీసు, దవాఖాన అన్నీ అంతే. వాళ్ల సిమ్ములు మంజీర వంతెన దాటగానే మారిపోతాయి. మీ అంకిత అడిగింది, రాసుకోమన్నాను. ఉపకారానికి పోతే ఇదీ బహుమానం.

చెరుకు సంగతి నీకు తెలియదా? బోధన్ ఫ్యాక్టరీ నడిచిన రోజులు కావివి. మన చెరుకు ఇప్పుడు ఎక్కడెక్కడికో పోవాలి. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు వచ్చినప్పుడు కొట్టించకపోతే మళ్లీ మన వంతు ఎప్పుడో దేవుడికి తెలియాలి. తోట అప్పటికే పూత వేసింది, లోపల బెండు పడుతోంది. ఈ ఏడు ముఠా దొరకడమే గగనమైంది. భీమవ్వ వెళ్తే మొగుడు తుకారాం వెళ్తాడు. వాళ్లు వెళ్తే ఆమె తమ్ముళ్లిద్దరూ పెళ్లాలను తీసుకుని వెళ్తారు. సగం ముఠా ఖాళీ అయ్యాక నేను తోటకు నిప్పు పెట్టుకోవాలా?

అయినా నేను చెప్పలేదని ఎవరన్నారు? ముకద్దం రామ్‌దాస్‌కు చెప్పాను. ముఠాను తెచ్చేదీ నడిపేదీ అతనే కదా. తోట అయిపోగానే మెల్లగా చెప్పి పంపమన్నాను. చెప్పాడో లేదో అతన్ని అడుగు. అంత పుండు ఒక్క పూటలో పుట్టలేదు, నాలుగు రోజులు ఆగితే ఏమవుతుందిలే అనుకున్నాను. నేను డాక్టర్ని కాదు.

గురివింద గింజకు తన నలుపు తెలియదట. ఒక్క ఫోన్ చేసి చేతులు దులుపుకున్నది ఎవరు? మూడు దవాఖానలు, ఒక సేవాసంస్థ కలిసి వేయించిన ఫ్లెక్సీ నా గట్టు మీద ఇంకా గాలికి కొట్టుకుంటోంది. దాని మీద ఎవరి పేరు ముందుండాలని మీ పెద్దమనుషులు నా అరుగు మీదే కూర్చుని కొట్లాడుకున్నారు. ఆ ఆవేశంలో సగం ఆ మనిషి కోసం చూపిస్తే నాకు ఈ ఉత్తరం వచ్చేది కాదు.

ముఠా నవీపేట్ వైపు వెళ్లిందని విన్నాను. అంతకు మించి తెలియదు. బ్లాక్ మాత్రం తీయను. నువ్వు ఫోన్‌లో అరిస్తే శైలజకు వినిపిస్తుంది.

గోపీచంద్


నిజామాబాద్,
మార్చి 7.

అన్నయ్యా,

రామ్‌దాస్‌కు చెప్పావా! దొంగ చేతికి తాళం చెవులిచ్చి, ఇల్లు భద్రంగా ఉందా అని వాణ్నే అడగమంటున్నావు.

నాకు చెరుకు తెలియదనుకోకు. ఆ గట్ల మీద పెరిగినదాన్నే. ఆ ముఠాల్లో మొగుడూ పెళ్లాం కలిస్తేనే ఒక లెక్క. ఇద్దరినీ కలిపి ఒక కొయిత అంటారు, చేతిలోని కత్తి పేరే మనుషులకూ పెట్టి. అతను నరకాలి, ఆమె ఆకు దూసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని లారీ దాకా మోయాలి. ఆమె మంచాన పడితే అతనికీ పని లేదు. కొయిత తగ్గితే ఫ్యాక్టరీవాళ్ల దగ్గర ముకద్దం మాట పోతుంది. అలాంటివాడు "నీకు క్యాన్సర్ వచ్చిందమ్మా, పని మానేసి దవాఖానకు వెళ్లు" అంటాడని నువ్వు నిజంగా అనుకున్నావా? అనుకోలేదు. అందుకే అతనికి చెప్పావు. చెప్పినట్టూ ఉంటుంది, ఆమెకు చేరనట్టూ ఉంటుంది.

నేను రామ్‌దాస్‌కు ఫోన్ చేశాను. "నాకెవలు చెప్పలే మేడం. చెప్తె మాత్రం, గంత పని నడుమ ఎట్ల తోలిస్త? సీజన్ అయినంక పోతదనుకున్న" అన్నాడు. ఎవరూ చెప్పలేదట, సీజన్ అయ్యాక పోతుందని అనుకున్నాడట. రెండూ ఒక్క ఊపిరిలో అన్నాడు. నీకన్నా అతనే నయం, అబద్ధం కూడా సరిగ్గా ఆడలేకపోయాడు.

నీ కటింగ్ ఆర్డరు సంగతి ఆ క్యాన్సర్‌కు తెలియదు అన్నయ్యా. నీ తోట అయ్యేదాకా అది ఆగదు. ఇప్పుడు ఆపరేషన్‌తో పోయేది రేపు ఆపరేషన్‌కు లొంగదు. నువ్వు డాక్టరువి కాకపోవచ్చు. చెరుక్కి ఎర్రకుళ్లు కనిపిస్తే ఆ పూటే మోళ్లు పీకించేవాడివి. అప్పుడు నాలుగు రోజులు ఆగుదామనుకున్నావా?

నేను రేపటి నుంచి వారమంతా మీటింగులకు హైదరాబాద్‌లో ఉండాలి. నవీపేట్ నీకు దగ్గర. వెళ్లి వెతుకు. దొరికాక ఆమెను మా ట్రస్టు దవాఖానకు నువ్వే తీసుకురా. లేదంటే ఈ ఉత్తరాల నకళ్లు శైలజ వదినకు పంపుతాను.

ఉదయశ్రీ


కొత్తకాలువ క్యాంపు, బోధన్,
మార్చి 16.

ఉదయకు,

నకళ్లు పంపే శ్రమ నీకొద్దు. శైలజకు నేనే చెప్పేశాను. అప్పటి నుంచి అన్నం పెడుతోంది కానీ మాట్లాడటం లేదు.

భీమవ్వ దొరికింది. నవీపేట్ అవతల ఒక తోటలో, నడుముకు గుడ్డ బిగించుకుని మోపు మోస్తోంది. మనిషి సగమైంది. నన్ను చూసి నవ్వి, "రాం రాం మాలక్, మీ తోటల ఇంక కొట్టేది మిగిలిందా?" అంది. రిపోర్టు ఇప్పుడే వచ్చిందనీ, నువ్వు పంపితే వచ్చాననీ చెప్పాను. అవును, అబద్ధమే చెప్పాను. ముందు బండి ఎక్కించడం ముఖ్యం అనుకున్నాను. రామ్‌దాస్ అడ్డం వచ్చాడు. నేనూ గొంతు పెంచాను. నీ అన్ననే కదా.

ఇప్పుడు నీ కథ విను.

మీ ట్రస్టు దవాఖానకు పొద్దున్నే చేరాం. గోడ మీద మీ కూటమి బోర్డు, దాని కింద చేతులు కలిపిన బొమ్మ. కౌంటర్‌లో అమ్మాయి ఆధార్ చూసి "గిది మహారాష్ట్రది. గీడ నడవది సార్" అంది. ఏం నడవదమ్మా అన్నాను. "కూటమిల మన జిల్లావాళ్లకే ఫ్రీ. బయటోళ్లకు రాదు. నాందేడుకు తీస్కపోండ్రి." మరి ఆమెను పరీక్ష చేసింది మీరే కదా అన్నాను. "పరీక్ష అందరికి జేస్తం సార్. వైద్యమైతె కార్డున్నోళ్లకే." ఏదో పెద్దమనిషిని పిలిపించాను. డిసెంబరులో నాకు శాలువా కప్పినాయనే. నన్ను గుర్తుపట్టలేదు. "ఒప్పందం అలా ఉందండీ, మా చేతుల్లో లేదు" అన్నాడు. చేతులు బోర్డు మీద ఉన్నాయి మరి.

ఆ ముక్క పరీక్ష చేసిన గాజు పలకలైనా ఇవ్వండి, నాందేడ్ తీసుకెళ్తాను అంటే అవి కూటమి ఆస్తి, బయటికి ఇవ్వరట. నాందేడ్‌వాళ్లు వాళ్ల ముక్క వాళ్లే తీసుకుంటారట. భీమవ్వ అన్నీ వింటోంది. "మళ్ల కోస్తరా?" అని తుకారాంను అడిగింది. అతను నా వైపు చూశాడు.

పరీక్షకు పనికొచ్చిన ఒళ్లు వైద్యానికి పనికిరాలేదు. ఇంతమంది ఆడవాళ్లను చూశామని చప్పట్లు కొట్టించుకున్నప్పుడు ఆమె జిల్లా ఎవరూ అడగలేదే? నేను చెరుకు కోసం నోరు మూసుకున్నాను. మీరు దేనికోసం మూసుకున్నారు? నేను ఆ జనవరిలోనే చెప్పి ఉంటే ఆమె మీ కౌంటర్ దాకా వచ్చి జనవరిలోనే వెనక్కి పోయేది. నా పాపం నాదే. కానీ దాని చాటున మీరు దాక్కుంటే ఊరుకోను.

వాళ్లిద్దరినీ మన ఇంటికి తెచ్చాను. శైలజ ముందు గది ఇచ్చింది. ఇప్పుడు చెప్పు కోఆర్డినేటర్ గారూ, ఎక్కడికి తీసుకెళ్లమంటావు?

గోపీచంద్


నిజామాబాద్,
ఏప్రిల్ 2.

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి దాన్ని నలిపి పారేశాను. మళ్లీ తీసి సాపు చేసుకుని మీటింగ్‌కు పట్టుకెళ్లాను.

ఆ షరతు సంగతి నాకు తెలుసు. "జిల్లా వాసులకు" అని రాసి ఉంది. అడిగితే "మొదలు పెడదాం, తర్వాత చూద్దాం" అన్నారు, సరే అన్నాను. తిలా పాపం తలా పిడికెడు. నా పిడికెడు నేను తీసుకుంటున్నాను. దాంతో నీది తగ్గిందనుకోకు.

నీ ఉత్తరం అందిన మూడో రోజున కూటమి పెద్దలందరూ కూర్చున్నారు. కొత్త యంత్రం ఎవరి దవాఖానలో పెట్టాలన్నది ఆ రోజు చర్చ. నేను లేచి భీమవ్వ సంగతి చెప్పాను. "చాలా బాధాకరం, కానీ అది మన పరిధిలోకి రాదమ్మా" అన్నారు ట్రస్టు చైర్మన్. బోధన్ చుట్టుపక్కల మనం పరీక్షలు చేసిన ఆడవాళ్లలో సగానికి సగం మంజీర అవతలివాళ్లే, వాళ్లు మన పరిధి కాకపోతే ఆ సగాన్ని మన నివేదికలోంచి తీసేయండి, తీసేసి విరాళాలిచ్చినవాళ్లకు పంపండి, మీరు పంపకపోతే నేనే పత్రికలవాళ్లకు చెప్తాను అన్నాను. అరిచాను.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ఎవరికి వారు ఆ షరతు తాము పెట్టలేదన్నారు. సంఖ్య తగ్గించడానికి మాత్రం ఒక్కరూ ఒప్పుకోలేదు. దాంతో వైద్యం చేయించడానికి ఒప్పుకున్నారు. జాలి చేయని పని లెక్క చేసింది. ఆ మాట రాస్తుంటే కూడా నా ఒళ్లు మండుతోంది.

నాందేడ్ ట్రస్టు దవాఖాన డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడాం. ఆయన నవ్వాడు. "మీ జిల్లావాళ్లు మా దగ్గరికి వచ్చి ఇలాగే తిరిగి పోతున్నారు, మీరు ఎప్పుడు ఫోన్ చేస్తారా అని చూస్తున్నాం" అన్నాడు. మరి మీరు చేయొచ్చుగా అన్నాను. నవ్వు ఆగింది. నడుమ ఒక ఏరు, ఇటొక దవాఖాన, అటొక దవాఖాన, ఇన్నేళ్లలో ఒక్క ఫోన్ లేదు. ఇప్పుడు ఒప్పుకున్నదేమిటంటే, ఎటువైపు పరీక్ష చేసినా ఆ పలకలనూ స్కానింగులనూ రెండో వైపు నమ్మాలి, మళ్లీ కోయకూడదు. ఎవరి కార్డు ఎక్కడ చెల్లుతుందో అక్కడికి మేమే పంపాలి. జబ్బు కబురు మా మనిషి వెళ్లి ఆ మనిషికే చెప్పాలి. ఆసామికీ కాదు, ముకద్దంకూ కాదు. భీమవ్వే మొదటి మనిషి.

ఇక అసలు సంగతి. మీటింగ్ తర్వాత, పోయిన వారం నువ్వు ఆమెను మళ్లీ మా ట్రస్టు దవాఖానకు తీసుకొచ్చినప్పుడు చేసిన స్కానింగ్ నాందేడ్ డాక్టరు చూశాడు. పుండు పెరిగి పక్కకు పాకింది. ఆపరేషన్ లాభం లేదట. కరెంటు పెట్టాలి, అంటే రేడియేషన్, దానితోపాటు మందు ఎక్కించాలి. బతికే అవకాశం ఉంది, కానీ జనవరిలో ఉన్నంత లేదు. ఎంత తగ్గిందని అడిగాను. చెప్పాడు. నీకు రాయను. నా నిద్ర పోయింది, నీకైనా పట్టనీ అని కాదు. అది ముందు ఆమెకు తెలియాలి.

ఆమె నాకు రోజూ ఫోన్ చేస్తోంది. "రిపోటు గింత ఆలిశెం ఎందుకైందక్కా?" అని అడుగుతోంది. నీ అబద్ధాన్ని నేను మోయను. నువ్వే చెప్పాలి, నాందేడ్ చేరేలోగా చెప్పాలి. చెప్పకపోతే నేను చెప్తాను, అప్పుడు నీకు ఉత్తరం రాయను, ఇంటికీ రాను.

ఉదయశ్రీ


నాందేడ్,
ఏప్రిల్ 9.

ఉదయా,

చెప్పాను.

ఇంట్లోనే చెబుదామని చూశాను. శైలజ వడ్డిస్తుంటే ఆమె తలవంచుకుని తింటూ ఉండేది, నేను చెయ్యి కడుక్కుని లేచిపోయేవాణ్ని. పొద్దున ముగ్గురం బయలుదేరాం. వాళ్లిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. మంజీర దాటే సాలూర వంతెన మీద చెరుకు ట్రాక్టరు ఒకటి అడ్డంగా ఆగిపోయింది. అక్కడ చెప్పాను. రిపోర్టు జనవరిలోనే వచ్చిందనీ, ఫోన్ నాకే వచ్చిందనీ, నేనే చెప్పలేదనీ. అద్దంలోకి కూడా చూడలేదు.

"జనవరిల్నా?" అంది.

అవునన్నాను.

"గప్పుడు మేం నీ తోటల్నే ఉంటిమి గద, మాలక్. రోజు పొద్దుగాల నీకు రాం రాం జెప్పి పనిల దిగుతుంటిమి."

నేను ముందున్న ట్రాక్టరు వైపే చూస్తూ కూర్చున్నాను.

"చెరుకంత కొట్టినంక సుత చెప్పకపోతివి."

మొదట చెరుకు కోసం దాచాను. చెరుకు అయిపోయాక, దాచానని తెలుస్తుందని దాచాను. కటింగ్ ఆర్డరు, ముఠా, రామ్‌దాస్ అని నీకు రాసిందంతా జనవరి మాట. ఫిబ్రవరికి నా దగ్గర ఏ సాకూ లేదు. ఉన్నది పిరికితనమే.

"బండి ఆపు" అంది. బండి ఆగే ఉంది. తలుపు తీసుకుని దిగింది. "ఇంక శాన దూరమున్నదే, ఒంట్లె బాగలేదు, కూసో" అని తుకారాం బతిమాలాడు. "నువ్వు కూసుంటె కూసో. గీ బండిల నేనైతె కూసోను" అని వంతెన మీద నడవడం మొదలుపెట్టింది. అతను నన్ను చూశాడు, ఆమెను చూశాడు, మూట తీసుకుని ఆమె వెంట వెళ్లాడు. శైలజ కట్టిచ్చిన సద్ది సీటు మీదే ఉండిపోయింది.

అవతల వాళ్లు బస్సు ఎక్కారు. గాజు పలకలూ స్కానింగులూ నా దగ్గరే ఉన్నాయి. బస్సు వెనకే నడిపాను. అది ఆగిన ప్రతిచోటా ఆగాను. నర్సీలో ఆమె నీళ్ల కోసం దిగితే సీసా పట్టుకుని వెళ్లాను. నన్ను దాటుకుని వెళ్లి కుళాయి దగ్గర దోసిలి పట్టి తాగింది. ఎండ నిప్పులు కురుస్తోంది. నువ్వు నన్ను తిట్టావు, నేను నిన్ను తిట్టాను, మనకు అది అలవాటే. ఆమె ఒక్క మాట తిట్టలేదు. తిడితే పడదామని సిద్ధంగా ఉన్నాను ఉదయా, తిట్టలేదు.

దవాఖానలో మీ కబురు అందింది. పలకలు తీసుకున్నారు, మళ్లీ కోయలేదు. సోమవారం నుంచి కరెంటు పెడతారట. అంతవరకు మీ ఒప్పందం నిలబడింది. ఎంత అవకాశం ఉందో డాక్టరు ఆమెనే లోపల కూర్చోబెట్టుకుని చెప్పాడు. బయటికి వచ్చాక ఆమె ముఖం చూడలేకపోయాను.

తర్వాత పేరు రాసుకునే గుమాస్తా, వెంట ఎవరొచ్చారని మరాఠీలో అడిగాడు. బజారు మరాఠీ నాకూ వచ్చు. మా ఆయన వచ్చాడని తుకారాంను చూపించింది. మరి ఆయనెవరు అని గుమాస్తా నా వైపు చెయ్యి చూపాడు. వంతెన దాటాక ఆమె నన్ను చూసింది అప్పుడే.

"మేం ఆయన తోటలో చెరుకు కొట్టాం" అంది. "అంతే."

గుమాస్తా నన్ను బయట కూర్చోమన్నాడు. కూర్చున్నాను.

గోపీచంద్